మంచు మాతకు నార గౌను

మా కొండ ఊరు మొంతెస్పీనాలో సెరఫీనా నోటికి భయపడనివాడు లేడు. ఆఖరికి ఫాదరు దోన్ ఎజీడియో కూడా, ప్రసంగం కాస్త సాగిందనిపిస్తే ముందు వరుసలో కూర్చున్న ఆవిడ వైపు ఓరగా ఒక చూపు చూసి, చప్పున ఆమెన్ అనేసేవాడు. అలాంటి మనిషి ఆగస్టు నాలుగో తారీఖున, మంచు మాత పండగకు ముందురోజు, ఒళ్ళో తెల్లగుడ్డ మూట పెట్టుకుని మేనకోడలు లోరెదానా కారులో బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంది. కొండ దిగి జిల్లా పట్నం చేరేదాకా ఆవిడ నోట వచ్చింది ఒక్కటే మాట.

"ఒసే, ఆ రొట్టెల పొట్లం వెనక్కి విసిరెయ్. నూదుయా నూనె ఈ మూటకంటిందంటే నీ చెయ్యి విరుస్తా."

నూదుయా అంటే మా వైపు మిరపకారం దట్టించి చేసే మెత్తటి పంది సాసేజ్. అది లేనిదే మాకు ముద్ద దిగదు. అది అంటిన గుడ్డ మాత్రం మళ్ళీ తెల్లబడదు.

సెరఫీనా జీవితం గురించి చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదనుకుంటారు తెలియనివాళ్ళు. మొగుడు నికోదేమో అడవిలో బొగ్గు కాల్చేవాడు, పొగ ఊపిరితిత్తుల్లో చేరి పోయాడు. పిల్లల్లేరు. బడి వంటింట్లో గరిటె తిప్పి తిప్పి పింఛనుకొచ్చింది. అంతే. కానీ ఆవిడకింకో కొలువుంది. అది పుట్టింటివాళ్ళ నుంచి వచ్చింది, దానికి పింఛను లేదు, పదవీ విరమణా లేదు. ఆవిడ మంచు మాతకు బట్టలు కట్టే మనిషి.

మా చర్చిలో అమ్మకు ముఖమూ, కీళ్ళున్న చేతులూ మాత్రమే చెక్కారు. మిగతాదంతా కొయ్యబద్దల చట్రం, దానిమీద బట్టలే. ఏటా పండగ ముందురోజు సాయంత్రం వాటిని మార్చాలి. మార్చేది సెరఫీనా పుట్టింటి ఆడవాళ్ళే. ఆ పూట చర్చిలో మగపురుగు ఉండకూడదు, ఫాదరుతో సహా. తలుపులు బిగించి, కిటికీలకు దుప్పట్లు కట్టి, గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని మొదలుపెడతారు. కట్టేవాళ్ళ కళ్ళు అమ్మ ముఖం మీదే ఉండాలి. గడ్డం దాటి కిందికి దిగకూడదు. చేతులతో తడుముకుంటూ తొడగాలి, తొడుగుతూ అమ్మతో మాట్లాడాలి. "చెయ్యి కాస్త ఎత్తు తల్లీ, ఆఁ, అయిపోయింది" అంటూ, చంటిపిల్లకు స్నానం చేయించినట్టు. అంతా అయ్యాక పాత బట్టల సూదులన్నీ వంచేసి, చర్చి వెనక నిమ్మచెట్టు మొదట్లో పాతిపెడతారు. ఎందుకని అడిగితే, "అమ్మకు వాడింది ఇంకెవరికీ వాడకూడదు" అంటుంది సెరఫీనా. ఎవరు చెప్పారంటే మా అమ్మ అంటుంది. ఆ పైన అడిగితే తిడుతుంది.

రెండేళ్ళుగా ఆవిడ కుడి భుజం పైకి లేవడం లేదు. సాయం చేసే చెల్లెళ్ళిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయారు. ఆ ఇంటి ఆడపిల్లల్లో మిగిలింది అన్న కూతురు లోరెదానా ఒక్కతే. సముద్రం ఒడ్డునున్న ఊళ్ళో మందుల షాపులో పనిచేస్తుంది, దేన్నీ నమ్మదు. "బొమ్మకు బట్టలు తొడగడానికి తలుపులు బిగించడమెందుకత్తా? సూదులు పాతిపెట్టడమెందుకు?" అని ప్రతిసారీ ఎందుకు, ఎందుకు అంటూ అత్త ప్రాణం తీసేది. సెరఫీనా ఆ పిల్లకు పని నేర్పే ఆశ వదులుకుంది.

పోయిన శీతాకాలం వానలకు చర్చి కప్పు కూలింది. అమ్మ నిలువునా తడిసింది. కొయ్యకు పురుగు పట్టిందని బిషప్‌గారి మనుషులొచ్చి, బాగుచేయించడానికి పట్నంలో చర్చి కళల మ్యూజియానికి తీసుకుపోయారు. పండగకల్లా తెచ్చేస్తారులే అనుకున్నాం. ఈలోగా మంగలి రొక్కో కంటి డాక్టరుకు చూపించుకోవడానికి పట్నం వెళ్ళి, పనిలో పనిగా అమ్మనూ చూసి వచ్చాడు. నడివీధిలో నిలబడి చెప్పాడు.

"అమ్మను గాజుపెట్టెలో పెట్టారు. ఒంటిమీద నూలుపోగు లేదు."

సెరఫీనా చేతిలో జడలా అల్లిన ఎర్ర ఉల్లిపాయల గుత్తి ఉంది. దాంతోనే వాడి వీపున ఒక్కటిచ్చింది.

"కొట్టు, ఇంకోటి కొట్టు! నన్ను కొడితే అమ్మకు బట్టలొస్తాయా? ఒట్టు, చూడగానే నేను కళ్ళు మూసుకున్నా."

"మూసుకున్నోడికి బట్టల్లేవని ఎలా తెలిసిందిరా?"

జనం నవ్వారు గానీ ఎవరికీ నవ్వు నిలవలేదు. దోన్ ఎజీడియో ఫోన్ చేశాడు. నిజమే. అమ్మ ఈ ఏడు కదిలే స్థితిలో లేదు, ఊరేగింపు పటంతో కానిచ్చుకోండి అన్నారు అవతలివాళ్ళు. ఊరు గొణిగి ఊరుకుంది. సెరఫీనా ఊరుకోలేదు.

"ఊరేగింపు పోతే పోయింది. తన పండగ నాడు అమ్మ పదిమంది ముందూ అలా నిలబడకూడదు. అంతే."

పెట్టె అడుగునుంచి తన పెళ్ళికని తల్లి నేసిన నార దుప్పటి తీసింది. మడత విప్పింది లేదు, ఎవరూ పడుకున్నది లేదు. దాన్ని కత్తిరించి అమ్మకు లోగౌను కుట్టింది. ఆ ఒళ్ళోని మూట అదే.

పట్నంలో ఆవిడకు తెలిసిన మ్యూజియం కోటలో ఉన్నదొక్కటే. చిన్నప్పుడు బడిపిల్లలతో వెళ్ళింది. మ్యూజియం అంటే కోటే, ఇంకోటి ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. మా ఊళ్ళో ఎవరినడిగినా అలాగే దారి చెబుతారు. లోరెదానా ఆవిణ్ణి కోట వాకిట్లో దింపి, కారు పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటూ పోయింది.

లోపల కాపలా ఉండే గెరార్దో, నెరిసిన మీసాల మనిషి, మూట చూసి కుర్చీలోంచి లేచాడు.

"మా అమ్మెక్కడ? చూపించు."

"ఏ అమ్మ, తల్లీ?"

"మొంతెస్పీనా మంచు మాత! మీరు బట్టలూడదీసి నిలబెట్టారే, ఆవిడ!"

"ఓ, అదా. మీ అమ్మ ఇక్కడ లేదు తల్లీ, చర్చివాళ్ళ మ్యూజియంలో ఉంది. కింద బజారు దాటితే కనిపిస్తుంది. అయితే ఇప్పుడు భోజనాలకు మూసేశారు, నాలుక్కి గానీ తియ్యరు. ఈ ఎండలో ఎక్కడికి పోతావు? లోపల చల్లగా ఉంది, కూర్చో. కావాలంటే తిరిగి చూడు."

సెరఫీనా కూర్చునే రకం కాదు. మూట చేతుల మీద పెట్టుకుని లోపలికి నడిచింది.

నాలుగడుగులు వేసిందో లేదో ఆగిపోయింది. గోడపొడుగునా మట్టి ముఖాలు. అన్నీ ఆడముఖాలే. కొన్నిటికి ముక్కు లేదు, కొన్నిటికి బుగ్గ లేదు, కానీ అందరూ ఏదో విని నవ్వాపుకుంటున్నట్టే ఉన్నారు. కొందరి చేతుల్లో దానిమ్మపండు, కొందరి చేతుల్లో పుంజు. మా చర్చిలో అమ్మ పక్కన వెండి కాళ్ళూ, వెండి గుండెలూ వేలాడేస్తారు మొక్కు తీరినవాళ్ళు. ఇవీ అలాంటివేనని సెరఫీనాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఎంతమంది ఆడవాళ్ళు, ఎన్ని మొక్కులు! ఏ పిల్లకు జ్వరం తగ్గిందో, ఏ మొగుడు సముద్రం మీంచి తిరిగొచ్చాడో. ఆవిడ చప్పుడు చెయ్యకుండా, చర్చిలో నడిచినట్టు నడిచింది.

ఆ తర్వాతి గదిలో గాజు వెనక మట్టి పలకలున్నాయి. పుస్తకమంత ఉంటాయేమో ఒక్కొక్కటి. ముక్కలు ముక్కలుగా ఉన్నవాటిని అతికించారు. ఒకదానిమీద ఒకామె పెట్టె మూత తెరిచి, మడతపెట్టిన బట్ట లోపల పెడుతోంది. ఆ పక్కదానిమీద నలుగురు అమ్మాయిలు వరసగా నడుస్తున్నారు. వాళ్ళ చేతులమీద పొడవుగా మడిచిన బట్ట ఉంది.

సెరఫీనా గాజుకు ముక్కు ఆనేదాకా వంగింది.

"బాబూ, ఇలా రా! వీళ్ళెవరు? ఎక్కడికెళ్తున్నారు?"

గెరార్దో కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చాడు. "వాళ్ళా? దేవతకు కొత్తబట్ట పట్టుకెళ్తున్నారమ్మా. భూమి కింద రాణిగా ఉండే అమ్మాయి, పెర్సెఫొనే అనేవాళ్ళు. ఏటా ఆవిడకు బట్ట నేసి ఇచ్చేవాళ్ళంట."

"ఎప్పటి మాట?"

"రెండున్నర వేల ఏళ్ళయి ఉంటుంది."

"ఏ దేశంలో?"

"ఇంకే దేశం? ఇక్కడే. మన కాళ్ళకింద."

సెరఫీనా తన కాళ్ళవైపు చూసుకుంది, ఆ కిందే వాళ్ళున్నట్టు. తర్వాత భుజం నొప్పి లెక్కచెయ్యకుండా శిలువ గుర్తు వేసుకుంది. గెరార్దో ఇబ్బందిగా దగ్గాడు.

"అమ్మా, వాళ్ళు క్రైస్తవులు కారు."

"తెలుసులేవయ్యా. అప్పటికి యేసు పుట్టనేలేదు, పాపం వాళ్ళేం చేస్తారు? ఉన్న అమ్మకే బట్ట కట్టుకున్నారు." మళ్ళీ గాజుమీదికి వంగింది. "అవునూ, అన్నీ పగిలిపోయాయేం? తవ్వేటప్పుడు పగలగొట్టారా, అడ్డగాడిదలు?"

"తవ్వినవాళ్ళు కాదమ్మా. ఆనాటివాళ్ళే పగలగొట్టి పూడ్చారంటారు మా పెద్దవాళ్ళు. దేవతకిచ్చింది మళ్ళీ ఇంకెవరూ వాడుకోకుండా."

సెరఫీనాకు తమ గుంత గుర్తొచ్చింది. నిమ్మచెట్టు మొదట్లో, మట్టిలో, వంగిపోయిన సూదులు. తనవి, వాటి కింద తన తల్లివి, వాటి కింద అమ్మమ్మవి. ఇన్నాళ్ళూ ఆ గుంత అక్కడితో ఆగిపోతుందనుకుంది. అది ఇంత లోతుంటుందని ఆవిడకెవరు చెప్పారు? ఏడుపు రాలేదు గానీ ఏడిస్తే బాగుండుననిపించింది. "దేవుడా, దేవుడా" అనుకుంటూ నిలబడిపోయింది.

లోరెదానా చెమటలు కక్కుతూ అప్పుడొచ్చింది. "అత్తా, కారు పెట్టడానికి చోటు దొరక్క చచ్చాననుకో! వాకిట్లో టికెట్లిచ్చే అబ్బాయి ఇది కాదంటున్నాడు, నువ్వేమో ఇక్కడ..." అని మాట మధ్యలో మింగేసింది.

అత్త పలక ముందు నిలబడి ఉంది. మూట చేతులమీద ఉంది. ఎడమ చెయ్యి అడుగున చాపి, కుడి అరచెయ్యి పైన తేలిగ్గా ఆనించింది, మడత నలగకుండా. పలకమీది మట్టి పిల్ల చేతులూ అచ్చం అలాగే ఉన్నాయి. లోరెదానా ఇటు చూసింది, అటు చూసింది. మళ్ళీ ఇటు చూసింది.

"అత్తా, ఇలా పట్టుకోవడం నీకెవరు నేర్పారు?"

"మా అమ్మ."

"మామ్మకు?"

"వాళ్ళమ్మ."

"ఆవిడకు?"

"నన్నడుగుతావేమే? అదుగో, ఆ పిల్లనడుగు." సెరఫీనా గడ్డంతో పలకవైపు చూపించింది.

లోరెదానా నవ్వలేదు. నాలుగయ్యేదాకా ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు. రొట్టెల సంగతి ఇద్దరికీ గుర్తురాలేదు.

చర్చి కళల మ్యూజియం చూసేది విర్జీలియా అనే ఆమె. మంచి మనిషి. ఎదురొచ్చి, కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, అంతా విన్నాక "కుదరదమ్మా" అంది.

"పురుగు కొయ్యను లోపల్లోపల తినేసింది. మందెక్కించి ఆరబెడుతున్నాం. ఆ వెల్వెట్టూ జరీ బరువు పడితే చట్రం కూలిపోతుంది. సూది గుచ్చితే పొడైపోతుంది. మీ అమ్మ మీకు కావాలా, వద్దా?"

"ముందు చూడనివ్వండి."

చూపించారు. సెరఫీనా తల దించుకునే వెళ్ళి, గాజుపెట్టె ముందు నిలబడి, కళ్ళు తిన్నగా ముఖం మీదికే ఎత్తింది. ఎత్తి, నోరు తెరిచేసింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూసిన ముఖం అది, కొవ్వొత్తుల పొగకు నల్లబారి, పెద్ద ముత్తయిదువలా ఉండేది. ఆ పొగంతా తుడిచేశారు. కింద బుగ్గలు గులాబీరంగులో ఉన్నాయి. పదహారు పదిహేడేళ్ళ పిల్ల!

"అయ్యో తల్లీ, నీకింత చిన్న వయసా! నేను నీకు మనవరాలిలాగా మొక్కుతూ వచ్చానే ఇన్నాళ్ళూ!"

వెనకాల ఎవరో కుర్రాడు ఫోన్‌తో ఫొటో తీశాడు. చప్పుడు విని సెరఫీనా వెనక్కి తిరిగిన తీరుకు వాడు అడుగు వెనక్కేశాడు. ఆవిడ తిట్టలేదు. మూటకు పెట్టిన గుండుసూది తీసి రవికకు గుచ్చుకుని, గుడ్డ విప్పింది.

"వెల్వెట్టు తేలేదమ్మా. లోగౌను తెచ్చాను. సూదులక్కర్లేదు, రెండు నాడాలంతే. పట్టుకుని చూడండి బరువెంతో."

విర్జీలియా పట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. "దీన్నయితే మోస్తుందేమో" అంది చివరికి. "కానీ ఆమెను బాగుచేసిన మనిషి ఎదురుగా ఉండి ఒప్పుకోవాలి. ఆయన చూడకుండా నేను దారప్పోగు కూడా వెయ్యనివ్వను. ఏదైనా విరిగితే అతికేది ఆయనే."

"పిలవండి మరి."

వచ్చాడు. పొడుగ్గా, గడ్డంతో, వేళ్ళకు రంగులతో. పేరు తాదెయో.

"మగాడా!" అంది సెరఫీనా.

"మగాడేనమ్మా" అన్నాడు తాదెయో, తప్పు చేసినవాడిలా.

"అయితే బయటుండాలి."

"ఆయన బయటుంటే కుదరదు" అంది విర్జీలియా.

"ఆయన లోపలుంటే కుదరదు."

ఎవరూ మెట్టు దిగలేదు. లోరెదానా అత్త మోచెయ్యి పట్టుకుంది. సెరఫీనా గౌను మళ్ళీ మడవడం మొదలుపెట్టింది. రేపు పండగ. కొండమీద గంటలు మోగుతాయి, పటం ఊరేగుతుంది, ఇక్కడ ఈ పిల్ల ఇలాగే నిలబడి ఉంటుంది. వెళ్ళబోతూ ఆగి, తాదెయోను అడిగింది.

"నాయనా, ఎన్నాళ్ళున్నావు ఈమెతో?"

"చలికాలం నుంచి. ఒక్కో బద్దా విప్పి మందు పెట్టాను."

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే." తాదెయో గడ్డం గోక్కున్నాడు. "సాయంత్రం పని ఆపి ఇంటికెళ్ళేముందు నా దుప్పటి కప్పి వెళ్ళేవాణ్ణమ్మా."

"దుమ్ము పడుతుందనా?"

"దుమ్ముక్కాదు, దానికి వేరే కవరుంది. దీపమార్పి పోతుంటే ఆమెనలా వదిలేసి పోవడం ఎందుకో మనసొప్పేది కాదు. కప్పమని ఎవరూ చెప్పలేదు. ఊరికే కప్పాను."

సెరఫీనా అతని వంక తేరిపార చూసింది. కోటలోని మట్టి పిల్లల్ని చూసినట్టే చూసింది.

"మీది ఏ ఊరు?"

"తొరీనో."

"ఉత్తరాదా! అంత దూరంలో కూడా తల్లులు బిడ్డల్ని బాగానే పెంచుతారన్నమాట." మడిచిన గౌను మళ్ళీ విప్పింది. "ఉండు నాయనా. వైద్యం చేసినవాడివి, నీ దగ్గరేం సిగ్గు? కాకపోతే కళ్ళు ముఖం మీదే ఉండాలి, చెబుతున్నా."

"ముఖం మీదే అమ్మా."

విర్జీలియా జనాన్ని బయటికి పంపి తలుపు వేసింది. ఎవరూ అడక్కుండానే తలుపు అద్దానికి తన శాలువా అడ్డం కట్టింది. తాదెయో గాజు తీసి, పక్కకు జరిగి నిలబడ్డాడు. సెరఫీనా పీటెక్కి, గౌను పైకెత్తబోయింది. భుజం దగ్గర కలుక్కుమంది. చెయ్యి తల దాటి లేవలేదు. పళ్ళు బిగించి మళ్ళీ ఎత్తింది, మళ్ళీ దిగిపోయింది. ఇంతదూరం వచ్చి, అందరినీ ఒప్పించి, ఆఖరికి తన చెయ్యే ఒప్పుకోలేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"దిగత్తా" అంది లోరెదానా.

చేతులు కడుక్కొచ్చి ఉంది అప్పటికే. అత్తను దించి తాను ఎక్కింది. గౌనును ఎడమచేతి మీద పరుచుకుని, కుడి అరచెయ్యి పైన తేలిగ్గా ఆనించింది. ఎవరూ నేర్పలేదు. ఆ మధ్యాహ్నమంతా గాజులోంచి చూసింది, అంతే. గౌను అమ్మ తలమీంచి దించింది. కీలు దగ్గర చట్రం కిర్రుమంది. తాదెయో ఊపిరి బిగబట్టాడు. లోరెదానా ఆగి, చాలా మెల్లగా అంది.

"చెయ్యి కాస్త ఎత్తు తల్లీ. ఆఁ. అయిపోయింది."

తడుముకుంటూ ఒక నాడా కట్టింది, తడుముకుంటూ రెండోదీ కట్టింది. సెరఫీనా అమ్మను చూడలేదు. మేనకోడలి కళ్ళనే చూస్తూ నిలబడింది. అవి మొదటినుంచి చివరిదాకా అమ్మ ముఖం మీంచి కిందికి దిగలేదు.

తిరుగు ప్రయాణంలో ఎండిపోయిన రొట్టెల్లో నూదుయా పూసుకుని తిన్నారు. మొంతెస్పీనా మలుపు దగ్గరికొచ్చాక సెరఫీనాకు రవికకు గుచ్చుకున్న సూది తగిలింది. అమ్మ గౌను మూటకు పెట్టిన సూది. తీసి వంచబోయింది, వేళ్ళకు బలం చాల్లేదు. లోరెదానా కారు పక్కకాపి, సూది తీసుకుని, కారు తాళంచెవి అంచున పెట్టి వంచేసింది.

"చర్చి వెనక్కి పోనివ్వనా అత్తా? నిమ్మచెట్టు దగ్గరికి?"

ఎందుకని మాత్రం ఈసారి అడగలేదు.